గర్భసంచి ఆపరేషన్ తర్వాత తగ్గని డిప్రెషన్: ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో సైకియాట్రిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకొచ్చే ఆడవాళ్ళలో చాలామంది చెప్పేవి మూడే మాటలు: నిద్ర పట్టట్లేదు, గాభరాగా ఉంది, ఊరికే ఏడుపొస్తోంది. వీటి వెనకున్న కారణం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. కొందరికి ఇంట్లో గొడవలు, కొందరికి అప్పులు, కొందరికి వంశంలోనే ఉన్న డిప్రెషన్. ఇంకొందరికి మాత్రం అండాశయాల నుంచి రావాల్సిన హార్మోన్ ఉన్నట్టుండి ఆగిపోవడమే కారణం. ఈ చివరి రకాన్ని మనం తరచుగా వదిలేస్తున్నాం. కారణం చిన్నదే. మానసిక వైద్యుడు గర్భసంచి గురించి అడగడు, గర్భసంచి తీసినవాళ్ళు మనసు గురించి అడగరు. ఈ కేసును వివరంగా రాస్తున్నది అందుకే. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఏ బాధతో వచ్చారు

ఆమెకు 35 ఏళ్ళు. ఆనందపురం దగ్గర పల్లె. ఇంటి వెనక కొద్దిపాటి నేలలో బంతి, కనకాంబరం వేస్తారు. తెల్లారకముందే పూల మార్కెట్టుకి వెళ్ళి మల్లె, చామంతి కూడా కొని తెచ్చి, దండలు కట్టి మూరల లెక్కన అమ్ముతారు. భర్త ఆటో నడుపుతారు. ఇద్దరు పిల్లలు. రెండోవాడు పుట్టిన వెంటనే, 22 ఏళ్ళకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది.

వచ్చినప్పుడు ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే: "రాత్రి ఒంటిగంటా రెండూ అయ్యీసరికి ఒల్లంతా సెగలొచ్చేత్తాదండి. గుండి దడదడలాడతాది. జాకెట్టు తడిసిపోద్ది. ఫ్యాను కింద కూకుంటే మల్లీ సలి. ఇంక తెల్లారీదాకా కన్ను మూతపడదు. పొద్దున్న పూలు కడతంటే మూర లెక్క తప్పిపోతన్నాను."

ఈ బాధ మొదలై ఏడాది దాటింది. మొదట గుండెజబ్బేమోనని భయపడి ఈసీజీ, ఎకో తీయించారు. రెండూ బాగున్నాయి. "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. తర్వాత మెడికల్ షాపులో ఆల్ప్రజోలామ్ అనే గాభరా, నిద్ర మాత్ర ఇచ్చారు. అది వేసుకున్న రాత్రి రెండు మూడు గంటలు నిద్రపోయేవారు, వేసుకోకపోతే అదీ లేదు. ఈలోగా అత్తగారు చిల్లంగి పెట్టారేమోనని ఒకరి దగ్గరికి తీసుకెళ్ళి తాడు కట్టించారు. ఆ అత్తగారిని నేనేమీ అనను. కోడలు రాత్రిళ్ళు లేచి వాకిట్లో తిరుగుతుంటే చూసి తట్టుకోలేక, తనకు తెలిసినది చేసింది. చివరికి ఒక డాక్టరు డిప్రెషన్ అని గుర్తించి ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. అది సరైన నిర్ణయమే. నాలుగు నెలల్లో పగటి ఏడుపు కొంత తగ్గింది. సెగలు, నిద్రలేమి, మతిమరుపు, చిరాకు మాత్రం అలాగే ఉన్నాయి. మందు పనిచేయట్లేదని నా దగ్గరికి పంపారు.

ఆ ఏడాది మార్గశిరంలో ఆమె వ్యాపారం బాగా దెబ్బతింది. విశాఖలో మార్గశిర మాసమంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు. గురువారాల్లో అక్కడ ఇసుకేస్తే రాలని జనం. పూలవాళ్ళకి ఏడాది మొత్తానికి అదే పంట. ఆమె ఒక్క గురువారం వెళ్ళి, ఎవరికి ఎన్ని మూరలు ఇచ్చిందో, ఎంత తీసుకుందో తెలియక జనంలో ఏడ్చేసి ఇంటికొచ్చేశారు. మళ్ళీ వెళ్ళలేదు.

ఒక్క ప్రశ్న

కొత్తగా వచ్చిన ఏ మహిళనైనా నెలసరి గురించి అడుగుతాను. ఈమెనూ అడిగాను. "అవి లేవండి, గర్భసంచి తీసీసారు కదా" అన్నారు. అండాశయాలు ఉంచారా తీసేశారా అని అడిగితే ఆమె భర్త మొహం చూశారు. ఆయన, "అవి కూడా గర్భసంచిలోవే కదా మేడమ్, అంతా కలిపే తీస్తారు కదా?" అన్నారు.

కాగితాలు ఉన్నాయా అంటే వచ్చేసారి పాలిథిన్ సంచీలో అన్నీ తెచ్చారు. రేషన్ కార్డు జిరాక్సు, స్కానింగ్ రిపోర్టు, బిల్లులు, వాటి మధ్య మడతలు పడిన డిశ్చార్జ్ సమ్మరీ. అందులో ఇంగ్లీషులో ఒక్క లైను: టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ విత్ బైలాటరల్ సాల్పింగో ఊఫొరెక్టమీ. అంటే గర్భసంచితో పాటు రెండు వైపుల ట్యూబులు, రెండు అండాశయాలు తీసేశారు. దాని వెనకే బయాప్సీ రిపోర్టు ఉంది. గర్భాశయ ముఖద్వారంలో పాత వాపు. కేన్సర్ లేదు. అండాశయాలు రెండూ మామూలుగా ఉన్నాయి.

ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నారు? తెల్లబట్ట అయ్యేది, నడుం నొప్పి ఉండేది, మూడు నెలల పాటు నెలసరి ఎక్కువ రోజులు వచ్చింది. "పిల్లలు అయిపోయారు కదా, ఇంక సంచితో పనేముంది, ఉంచితే కేన్సరైపోద్ది" అని చెప్పారట. ఎక్కడ చేశారన్నది ఇక్కడ అనవసరం. అలాంటి మాట ఏ ఒక్క ఆసుపత్రిలోనో వినిపించేది కాదు. అందుకు ముందు ఆమెకు మాత్రలతో వైద్యం జరిగిన దాఖలా కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇక నాకు కావాల్సింది తేదీలు. మొదటి సెగ ఎప్పుడొచ్చిందని భార్యాభర్తలిద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆపరేషన్ అయిన వారంలోపే, కుట్లు విప్పకముందే వచ్చింది. అప్పుడు జ్వరం అనుకున్నారు. మరో పక్షానికి నిద్ర పోయింది, రెండో నెలకి ఏడుపు మొదలైంది. అంతకుముందు ఎప్పుడూ ఆమెకు మానసిక సమస్య లేదు. రక్తసంబంధీకుల్లో ఎవరికీ లేదు. అయితే రెండు చిన్న విషయాలు బయటపడ్డాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నెలసరికి ముందు మూడు నాలుగు రోజులు ఆమెకు విపరీతమైన చిరాకు, కన్నీళ్ళు. రెండో కాన్పు తర్వాత కొన్ని వారాలు దిగులుగా ఉండి తనంతట తనే సర్దుకుంది. ఎవరూ పట్టించుకోని ఈ రెండు విషయాలూ నాకు చాలా ముఖ్యమైనవి. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

భర్తను బయటికి పంపి అడిగాక మరో సంగతి చెప్పారు. కలయిక సమయంలో భరించలేని మంట, పొడిదనం. తను వద్దంటోంది, ఆయన అపార్థం చేసుకుంటున్నాడు. ఈ బాధ ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

పరీక్షలో తేలినవి

మనిషి అలసిపోయి ఉంది. మాట నెమ్మది. భ్రమలు, అనుమానాలు లేవు. మతి, ఏకాగ్రత చూడటానికి నూట్లోంచి ఏడు తీసేయమని అడగడం మాకు అలవాటు. బడికి ఎక్కువ వెళ్ళనివాళ్ళకి అది న్యాయమైన పరీక్ష కాదు. అందుకని మూర ఇరవై రూపాయలైతే మూడున్నర మూరలెంత, వంద ఇస్తే తిరిగి ఎంత ఇవ్వాలి అని అడిగాను. పదిహేనేళ్ళుగా నిద్రలో కూడా చెప్పగలిగిన లెక్క అది. రెండుసార్లు మధ్యలో తప్పి, మూడోసారికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 లో 27కి 19 వచ్చింది. ఆందోళన కొలిచే గ్యాడ్-7 లో 21కి 14. చావు గురించి సూటిగా అడిగాను. "తెల్లారి లెగకపోతే బాగున్ను అనిపిస్తాదండి" అన్నారు. చేసుకోవాలన్న ఆలోచన, ఏర్పాటు లేవు. అయినా వాళ్ళది పూల తోట. పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజే భర్తతో మాట్లాడి ఆ డబ్బాలన్నీ ఇంట్లోంచి తీసి, ఊళ్ళో వాళ్ళ అన్నగారింట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టించాను. తాళం చెవి ఆ అన్నగారి దగ్గరే. మందు రాయడం కన్నా ముందు చేసిన పని ఇదే. మన పల్లెల్లో ఒక్క ఘడియ దుఃఖం ప్రాణం తీసేది, చేతికందే దూరంలో పురుగుమందు ఉన్నప్పుడే. ఏ అర్ధరాత్రయినా ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాం.

రక్తపరీక్షల్లో, అండాశయాలను పనిచేయించే హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్ 78 వచ్చింది, అండాశయాలు తయారుచేసే ముఖ్యమైన హార్మోన్ ఈస్ట్రడయాల్ 10 లోపు. ఆమె వయసు మహిళకి నెలసరి మొదటి రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ సాధారణంగా పది లోపే ఉంటుంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి అండాశయాలను పనిచేయమని గట్టిగా అడుగుతూనే ఉంది, జవాబిచ్చే అండాశయాలు లేవు. నిజానికి రెండు అండాశయాలూ తీసేశారని కాగితంలో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకపోయినా రోగనిర్ధారణ మారదు. భర్తకి కళ్ళారా చూపించి నమ్మించడానికి పనికొచ్చింది. థైరాయిడ్, బీ12 బాగున్నాయి. విటమిన్ డి బాగా తక్కువ. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో వెన్నెముక జెడ్ స్కోరు (అదే వయసువాళ్ళ సగటుతో పోల్చి చెప్పే లెక్క) మైనస్ 1.6. ఇంకా ప్రమాదం గీత దాటలేదు గానీ 35 ఏళ్ళ కష్టజీవికి అది తక్కువే.

నా నిర్ధారణ ఇలా రాసుకున్నాను: అండాశయాలు తీసేయడం వల్ల అకస్మాత్తుగా వచ్చిన మెనోపాజ్ (ముట్లుడగడం), దాని మీద తీవ్రమైన డిప్రెషన్, ఆల్ప్రజోలామ్ అలవాటు. డిప్రెషన్ లేదని నేననడం లేదు. ఉంది, నిజమైనదే. దాన్ని రోజూ రాత్రి రాజేస్తున్నది హార్మోన్ లేమి.

హార్మోన్ పోతే మనసెందుకు చెదురుతుంది

ఈస్ట్రోజెన్ (ఈస్ట్రడయాల్ దాని ముఖ్య రూపం) పిల్లల్ని కనడానికే అనుకోవడం దగ్గరే చాలా అనర్థం మొదలవుతోంది. మెదడులో జ్ఞాపకానికి, భావాలకి, నిద్రకి, ఒంటి వేడికి సంబంధించిన భాగాలన్నిటిలోనూ ఈస్ట్రోజెన్‌ను అందుకునే రిసెప్టార్లు ఉన్నాయి. మనసును నిలకడగా ఉంచడంలో పాత్ర ఉన్న సెరటోనిన్ అనే మెదడు రసాయనం తయారీకి కావాల్సిన ఎంజైమును అది పెంచుతుంది, సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తగ్గిస్తుంది. అండాశయాల మరో హార్మోన్ ప్రొజెస్టిరాన్ నుంచి తయారయ్యే అలోప్రెగ్ననోలోన్ అనే పదార్థం మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థ మీద, దాదాపు నిద్రమాత్రలు పనిచేసే చోటే పనిచేస్తుంది. అండాశయాలు కొంత టెస్టోస్టిరాన్ కూడా ఇస్తాయి. అవి తీసేస్తే ఒంట్లో దాని మోతాదు సుమారు సగానికి పడిపోతుంది.

వయసు మీద పడి ముట్లుడిగేటప్పుడు ఇవన్నీ కొన్నేళ్ళ పాటు హెచ్చుతగ్గులవుతూ తగ్గుతాయి. ముట్లుడిగాక కూడా అండాశయాలు కొంత టెస్టోస్టిరాన్ ఇస్తూనే ఉంటాయి. మన దేశంలో సహజంగా ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్ళ దగ్గర. అది మెట్టుమెట్టుగా దిగడమైతే, ఈమెకు జరిగింది మేడ మీంచి పడటం. ఆపరేషన్ టేబుల్ మీద నుంచి దిగేసరికే హార్మోన్లు పడిపోవడం మొదలైంది.

ఆ వేడి ఆవిర్ల సంగతి కూడా ఇప్పుడు బాగా తెలిసింది. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో కొన్ని నాడీకణాలను ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. అది లేకపోతే ఆ కణాలు న్యూరోకైనిన్-బి అనే రసాయనంతో చెలరేగి, పక్కనే ఉన్న ఉష్ణోగ్రత కేంద్రాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఒంట్లో వేడి ఎక్కువైందని భ్రమపడి శరీరం చెమట పట్టిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. అర్ధరాత్రి ఇది జరిగితే మనిషి దడతో లేస్తుంది. పానిక్ ఎటాక్‌కీ దీనికీ తేడా పేషెంటుకే కాదు, డాక్టరుకీ వెంటనే తెలియదు. నేను అడిగేది ఏంటంటే, ముందు భయం వచ్చి తర్వాత చెమట పట్టిందా, ముందు సెగ వచ్చి తర్వాత భయం పట్టిందా అని. ఈమె ప్రతిసారీ సెగే ముందన్నారు.

మరి అదే ఊళ్ళో అదే ఆపరేషన్ అయిన పక్కింటామె బాగానే ఉంది కదా? భర్త అడిగిన ప్రశ్న ఇది. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 1998లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఉంది. నెలసరికి ముందు మనసు పాడయ్యే మహిళలకు మందుతో అండాశయాల పని కొంతకాలం ఆపారు. చాలామందిలో లక్షణాలు తగ్గాయి. తర్వాత ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ మామూలు మోతాదులో తిరిగి ఇస్తే మళ్ళీ మొదలయ్యాయి. ఆ సమస్య లేని మహిళలకూ అవే హార్మోన్లు అలాగే ఇచ్చారు. వాళ్ళకి ఏమీ కాలేదు. అంటే తేడా రక్తంలోని హార్మోన్ మోతాదులో లేదు, దాని మార్పుకి ఆ మెదడు స్పందించే తీరులో ఉంది. ఈమెలో నెలసరి ముందు కన్నీళ్ళు, కాన్పు తర్వాత దిగులు నాకు అందుకే ముఖ్యమనిపించాయి. హార్మోన్ల మార్పుకి ఈమె మెదడు ముందునుంచీ చలించేదే. ఆపరేషన్‌కి ముందు ఎవరైనా ఆ రెండు ప్రశ్నలు అడిగి ఉంటే కనీసం కాస్త జాగ్రత్తపడే వీలుండేది.

వైద్యం

గైనకాలజిస్టు అయిన నా సహచరురాలితో కలిసి చూశాం. రొమ్ము పరీక్ష, బీపీ, కాలేయ పరీక్షలు బాగున్నాయి. ఇంట్లో ఎవరికీ రొమ్ము కేన్సర్ లేదు. ఎప్పుడూ కాళ్ళలో రక్తం గడ్డకట్టలేదు. నలభై ఏళ్ళలోపు మెనోపాజ్ వచ్చినవాళ్ళకి, ఇవ్వకూడని కారణం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకున్న పద్ధతి. గర్భసంచి లేదు, బయాప్సీలో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర బయట పెరగడం) లేదు కాబట్టి, ఆ పొరకు రక్షణగా ఇచ్చే ప్రొజెస్టిరాన్ అవసరం లేదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. చర్మానికి రాసే ఈస్ట్రడయాల్ జెల్ ఎంచుకున్నాం. మాత్రలాగా కాలేయం గుండా వెళ్ళదు కాబట్టి రక్తం గడ్డకట్టే భయం తక్కువ. రోజుకి రెండు పంపులు, అంటే 1.5 మిల్లీగ్రాములు.

జెల్ ఎలా రాయాలో చెబుతుంటే ఆమె తల దించుకుని అడిగారు: "ఈ సేత్తో దేవుడి పూలు కట్టొచ్చాండి?" పూలకి మందు అంటుకుంటుందనే భయం ఒకటి, అపచారమన్న సంకోచం ఇంకొకటి. రాత్రి పడుకునే ముందు స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక తొడల మీద పలచగా రాసుకోమని, సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పాను. తెల్లారి పూలు ముట్టుకునేసరికి చేతిమీద ఏమీ ఉండదు. అపచారం గురించి, ఇది మీ ఒంట్లో ఉండాల్సిన హార్మోనే, తిరిగి మీ ఒంట్లోకే ఇస్తున్నాం అన్నాను. ఆ మాటతో ఆమెకు తేలికపడింది. విశాఖ ఉక్కలో పగలు రాస్తే చెమటకి కారిపోతుంది కూడా. రాత్రి వేళే మేలు.

పొడిదనానికి విడిగా ఈస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్ క్రీమ్‌ను గైనకాలజిస్టు రాశారు. విటమిన్ డి, కాల్షియం మొదలుపెట్టాం. ఎస్సిటాలోప్రామ్ ఆపలేదు. డిప్రెషన్ ముదిరినప్పుడు హార్మోన్ ఒక్కటే చాలుతుందని అనుకోవడం తప్పు. పైగా ఆ మందు వేడి ఆవిర్లను కూడా కొంత తగ్గిస్తుంది. ఆల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపకుండా రెండు వారాలకోసారి తగ్గిస్తూ పోయాం.

భర్తతో విడిగా కూర్చున్నాను. ఆయన మీద ఇష్టం లేక కాదని, అక్కడి చర్మం పలచబడి పుండులా మండుతోందని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకెవులూ సెప్పలేదు మేడమ్" అన్నారు. ఆ రోజు నుంచి తెల్లవారుజామున మార్కెట్టుకి ఆయనే వెళ్ళి పూలు తేవడం మొదలుపెట్టారు. ఆమెకు ఇంకో రెండు గంటలు పడుకునే వీలు దొరికింది. నా మందుల్లో ఏదీ ఇంత త్వరగా పనిచేయలేదు.

రెండో వారానికి రాత్రి సెగలు సగం తగ్గాయి. నెల దాటేసరికి వరుసగా అయిదు గంటల నిద్ర. సెగలు తగ్గినంత వేగంగా మనసు కుదుటపడలేదు. ఆరో వారం దాకా నిరుత్సాహం అలాగే ఉంది. గైనకాలజిస్టు జెల్ మోతాదు మూడు పంపులకి పెంచారు. మూడో నెలాఖరుకి పీహెచ్‌క్యూ-9 స్కోరు 6కి దిగింది. చావు ఆలోచన రావట్లేదన్నారు. మూర లెక్క మళ్ళీ అడిగితే నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబిచ్చారు.

మధ్యలో ఆపేసినప్పుడు

అయిదో నెలలో ఆమె రాలేదు. ఫోన్ చేస్తే, దగ్గరి బంధువొకరు హార్మోన్ మందుతో రొమ్ము కేన్సరొస్తుందని చెప్పారని, జెల్ ఆపేశానని చెప్పారు. ఎస్సిటాలోప్రామ్ మాత్రం వేసుకుంటూనే ఉన్నారు. ఆపిన పది రోజుల్లో సెగలు తిరిగొచ్చాయి, మూడో వారానికి ఏడుపు. వచ్చిన రోజు స్కోరు 15. జెల్ మళ్ళీ మొదలుపెట్టాక నెలన్నరలో 7కి దిగింది. నేను ప్రయోగంగా ఎప్పటికీ చేయని పని అది. తనంతట తానే జరిగింది. మిగతా మందులేవీ మారకుండా హార్మోన్ ఒక్కటే తీసినప్పుడు పడిపోయి, ఇచ్చినప్పుడు లేవడం కన్నా బలమైన ఆధారం ఒక పేషెంటులో దొరకదు.

ఆ బంధువు భయం గాల్లోంచి ఊడిపడింది కాదు. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఈస్ట్రోజెన్‌తో పాటు కృత్రిమ ప్రొజెస్టిన్ తీసుకున్నవాళ్ళలో రొమ్ము కేన్సర్ కొంత పెరిగిందని ఆ భాగాన్ని మధ్యలో ఆపేశారు. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. పాకనిది దాని రెండో సగం. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. గర్భసంచి తీసేసినవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగం 2004లో ఆగింది, అదీ పక్షవాతం ముప్పు కనబడటం వల్ల. వాళ్ళలో రొమ్ము కేన్సర్ పెరగలేదు. తర్వాతి ఏళ్ళలో చూస్తే తక్కువగానే ఉంది. అరవై దాటినవాళ్ళకి కొత్తగా హార్మోన్ మొదలుపెట్టడం వేరు, 35 ఏళ్ళామెకు ఆ వయసులో ఉండాల్సినదాన్ని తిరిగివ్వడం వేరు. ఇవ్వకపోవడంలోనూ ప్రమాదం ఉంది. అమెరికాలోని నర్సుల మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో 50 ఏళ్ళలోపు అండాశయాలు తీయించుకుని ఈస్ట్రోజెన్ వాడనివాళ్ళలో గుండెజబ్బులు, మరణాలు ఎక్కువ కనబడ్డాయి. మేయో క్లినిక్ పరిశోధకులు 2008లో, చిన్న వయసులో రెండు అండాశయాలూ తీయించుకున్నవాళ్ళలో ఏళ్ళ తర్వాత కూడా డిప్రెషన్, ఆందోళన లక్షణాలు ఎక్కువని చూపించారు.

ఇదంతా ఆమెతో, భర్తతో, ఆ బంధువుతో కూడా ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడాను. మన ఇళ్ళల్లో మందు వేసుకోవాలా వద్దా అన్నది పేషెంటు ఒక్కరే తేల్చే విషయం కాదు. ఆ బంధువును పక్కన పెడితే ఆరు నెలల తర్వాత జెల్ మళ్ళీ ఆగిపోయేది.

ఆపరేషన్ సంగతి

కోపం రాకుండా రాయడం కష్టమైన భాగం ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశంలో నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. దేశంలో అందరికన్నా ముందున్నాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న మహిళల శాతంలోనూ మనమే ముందు. చిన్న వయసులో పెళ్ళి, ఇరవై దాటగానే ట్యూబులు ముడి వేయడం, ఆ తర్వాత సంచి దేనికన్న మాట. ఈ వరసలో తర్వాతి మజిలీ ఏంటో ఊహించడం కష్టం కాదు. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి తీయడమే తప్పని నా మాట కాదు. కేన్సర్ ఉంటే, గడ్డలు పెద్దవై రక్తం పోతూ మందులకి లొంగకపోతే ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. వంశంలో రొమ్ము, అండాశయ కేన్సర్లు తెచ్చే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్ళకి అండాశయాలు తీయాల్సి కూడా వస్తుంది. కానీ తెల్లబట్టకి ముందు చూడాల్సింది ఇన్‌ఫెక్షన్ ఉందా అని. ఎక్కువ రక్తస్రావానికి ట్రనెక్సామిక్ యాసిడ్ ఉంది, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. అవన్నీ అయ్యాక కూడా తీయాల్సి వస్తే, 45 ఏళ్ళలోపు మహిళలో ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను ఉంచేయాలి. భవిష్యత్తు కేన్సర్ భయమే ఉంటే ట్యూబులు ఒక్కటే తీసేసినా ముప్పు తగ్గుతుంది. అండాశయాలు ఉంచినా గర్భసంచి తీసినవాళ్ళలో మెనోపాజ్ కొన్నేళ్ళు ముందే రావచ్చు. నెలసరి ఉండదు కాబట్టి అది వచ్చిందని ఆమెకీ తెలియదు. నలభై దాటాక నిద్ర చెదిరితే ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక చుట్టుపక్కలవాళ్ళు ఆమెతో, "అదృష్టవంతురాలివే, ఇంక ఏ రోజైనా గుడికెళ్ళొచ్చు" అన్నారట. ఆమె కూడా అలాగే అనుకున్నారు. మనసులో ఏం పోయిందో మాత్రం ఎవరికీ చెప్పలేకపోయారు. రెండు అండాశయాలూ తీసేశారన్న సంగతి నా గదిలో తెలిసినప్పుడు ఆమెకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. "సంతకం పెట్టించుకున్నారు, ఏటి తీస్తన్నారో సెప్పలేదు" అన్నారు. ఆ కోపానికి ఏ స్కోరూ లేదు. దాని గురించి మాట్లాడటానికే రెండు మూడు సిట్టింగులు పట్టాయి. అలా పట్టాలి కూడా. హార్మోన్ తిరిగివ్వడంతో ఆ అన్యాయం చెరిగిపోదు.

ప్రస్తుతం

మొదట చూసి ఏడాదిన్నర అయింది. పీహెచ్‌క్యూ-9 స్కోరు 4 దగ్గర నిలకడగా ఉంది. ఆల్ప్రజోలామ్ పూర్తిగా ఆగింది. ఎస్సిటాలోప్రామ్‌ను ఈ ఏడాది చివర్లో నెమ్మదిగా తగ్గించి చూద్దామనుకుంటున్నాం. మార్గశిరం సీజన్ అయ్యాకే, ఆ రద్దీలో మార్పులొద్దని ఆమే అడిగారు. కిందటి మార్గశిరంలో నాలుగు గురువారాలూ బురుజుపేటలో పూలమ్మారు.

అన్నీ సర్దుకోలేదు. కీళ్ళ నొప్పులు ఉన్నాయి. కోరిక తక్కువగానే ఉందంటారు. దానికి టెస్టోస్టిరాన్ ఇచ్చే అవకాశం గురించి మాట్లాడుకున్నాం. మన దగ్గర మహిళల కోసం తగిన మోతాదులో తయారైన మందు దొరకడం కష్టం, ఆమెకూ ఇప్పుడంత అవసరం అనిపించలేదు. జెల్ ఖర్చు నెలనెలా భారమే. రెండుసార్లు డబ్బుల్లేక వారం ఆలస్యంగా కొన్నారు. ఇలా 48, 50 ఏళ్ళ దాకా వాడాలి. ఎముకల స్కాన్ మళ్ళీ వచ్చే ఏడాది.

కిందటి నెల తోటికోడల్ని వెంటబెట్టుకొచ్చారు. ఆమెకు 38 ఏళ్ళు. అధిక రక్తస్రావం, చిన్న గడ్డ, ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు. నాకు చూపించాల్సిన సమస్య కాదు, సహచరురాలి దగ్గరికి పంపాను. హిమోగ్లోబిన్ 8 ఉంది. ముందు ఇనుము ఎక్కించి, ట్రనెక్సామిక్ యాసిడ్ ఇచ్చి రెండు నెలలు చూస్తామన్నారు. తగ్గకపోతే లూప్ వేస్తారు, దానికీ తగ్గకపోతే ఆపరేషన్. అప్పుడు కూడా అండాశయాలు ఉంచమని కాగితం మీద తెలుగులో రాయించుకుని ఆమే సంతకం పెడతారట. ఆ కాగితంలో ఏం రాయాలో నన్ను అడిగి, ఇద్దరూ కలిసి రాసుకెళ్ళారు.